బూజుకూ మూత్రపిండానికీ నడుమ ఒక మందు

2021 వేసవిలో కోవిడ్ రెండవ ఉద్ధృతి వెన్నంటే వచ్చిన బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకర్‌మైకోసిస్, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి మొదలుకొని రాష్ట్రంలోని పెద్దాసుపత్రులన్నింటా ప్రత్యేక వార్డులు తెరిపించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. అప్పటివరకూ వైద్య గ్రంథాలకే పరిమితమైన ‘యాంఫోటెరిసిన్-బి’ అనే పేరు నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, దర్శి ప్రాంతాల ఇళ్లలో కూడా నోళ్లలో నానింది. మందు దొరకలేదన్న సంగతి ఆనాడు పత్రికల్లో విస్తారంగా వచ్చింది గాని, దొరికిన మందు రెండు రకాలనీ, ఒకటి రోగి మూత్రపిండాలను కొంతవరకు కాపాడేదైతే రెండవది వాటినే తరచుగా దెబ్బతీసేదనీ, ఆ రెండింటి మధ్య ధరలో అనేక రెట్ల తేడా ఉందనీ అంత విస్తారంగా రాలేదు. ఆరు దశాబ్దాలకు పైగా సాగుతున్న పరిశోధన దాదాపు అంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

శిలీంధ్రాలంటే బూజు, పుట్టగొడుగు, ఈస్టు వంటి జీవుల వర్గం. బ్యాక్టీరియా మానవ కణానికి చాలా దూరపు జీవి కనుక మనిషికి పెద్దగా హాని చేయకుండా దానిని చంపే మందులు ఎన్నో దొరికాయి. శిలీంధ్రం అలా కాదు, పరిణామ క్రమంలో అది మొక్కల కంటే జంతువులకే దగ్గరి చుట్టం. దాని కణంలోనూ కేంద్రకం ఉంటుంది, కణాన్ని చుట్టి ఉండే పలుచని కొవ్వు పొర కూడా మన కణపు పొరను పోలినదే. పొర బిగువుగా నిలబడేందుకు మానవ కణం కొలెస్టెరాల్‌ను వాడుకుంటే, శిలీంధ్రం దానికి తోబుట్టువు వంటి ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని వాడుకుంటుంది. ఈ రెండు అణువుల నిర్మాణంలో ఉన్నది కొద్దిపాటి భేదమే. ఒంట్లోకి దిగే శిలీంధ్రాలకు వాడే ముఖ్యమైన మందుల్లో చాలావరకు ఆ కొద్దిపాటి భేదాన్నే ఆధారం చేసుకుని పనిచేస్తాయి.

మిరప సాగుచేసే రైతుకు ఈ సూత్రం పేరు తెలియకపోయినా ఫలితం తెలుసు. బూడిద తెగులుకూ కాయకుళ్ళుకూ పిచికారీ చేసే హెక్సాకొనజోల్, డైఫెన్‌కొనజోల్, టెబుకొనజోల్ వంటి మందులు, మనుషులకిచ్చే ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్ మాత్రలు ఒకే ఇంటివి. వీటిని అజోల్ వర్గమంటారు. ఇవన్నీ శిలీంధ్రం ఎర్గోస్టెరాల్‌ను తయారుచేసుకోకుండా అడ్డుపడతాయి. యాంఫోటెరిసిన్-బి మార్గం వేరు. అది తయారీని ఆపదు, ఇప్పటికే పొరలో ఉన్న ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుంటుంది. పట్టుకుని పొరకు రంధ్రాలు పెడుతుందనీ, ఆ రంధ్రాల గుండా పొటాషియం కారిపోయి శిలీంధ్రం చస్తుందనీ చాలాకాలం భావించారు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ బర్క్ బృందం 2014లో మరొక చిత్రం ముందుకు తెచ్చింది: మందు అణువులు గుంపుగా చేరి, స్పాంజి నీటిని పీల్చుకున్నట్లు, పొరలోనుంచి ఎర్గోస్టెరాల్‌ను పీకివేస్తాయనీ, చంపేది ప్రధానంగా ఆ పీకివేతేననీ వారు చూపారు. ఆ స్పాంజి ఎర్గోస్టెరాల్ దగ్గర ఆగితే ఇబ్బంది ఉండేది కాదు. అది కొలెస్టెరాల్‌ను కూడా, తక్కువ మోతాదులోనైనా, పీలుస్తుంది.

శరీరంలో ఎన్నో కణాలుండగా దెబ్బ మూత్రపిండానికే ఎక్కువగా తగలడానికి కారణం ఆ అవయవం చేసే పనిలోనే ఉంది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు మూత్రపిండాలకే చేరుతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల వడపోత యూనిట్లు, అంటే నెఫ్రాన్లు, ఉంటాయి. అవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా సన్నని గొట్టాల గోడల గుండా తిరిగి రక్తంలోకి లాగుకుంటాయి. ఆ గోడల కణాల పొరలు చిల్లుపడితే లాగుకోవలసినవి లాగుకోలేక పోతాయి. అందువల్ల యాంఫోటెరిసిన్ ఎక్కించుకునే రోగి రక్తంలో పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి, ఆమ్లం పేరుకుంటుంది, మూత్రం పలుచబడి ఎక్కువగా పోతుంది. పొటాషియం మరీ తగ్గితే కాళ్లు చేతులు నిస్సత్తువగా వాలిపోవడమే కాక గుండె లయ కూడా తప్పుతుంది.

ఇది గొట్టాల సంగతి. దీనికి తోడు, వడపోత జల్లెడకు రక్తాన్ని తెచ్చే చిన్న ధమని ఈ మందు ప్రభావంతో బిగుసుకుపోతుంది, వడపోత తగ్గుతుంది, రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. క్రియాటినిన్ అంటే కండరాల పనిలో పుట్టి మూత్రంలో పోవలసిన వ్యర్థం. అది రక్తంలో ఎంత నిలిచి ఉందో చూసి మూత్రపిండం ఎంత పనిచేస్తోందో అంచనా వేస్తారు. ఆరోగ్యవంతుల్లో డెసిలీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాముల దాకా ఉండే ఈ అంకె రెట్టింపైతే వడపోత సుమారు సగానికి పడిపోయినట్లు లెక్క. బ్లాక్ ఫంగస్ వార్డుల్లో సైనస్ స్కానింగ్ రిపోర్టుతో పాటు తరచుగా చూసుకున్న కాగితం ఈ క్రియాటినిన్, పొటాషియం పరీక్షలదే.

మందు పుట్టింది మట్టిలో. వెనెజులా దేశంలోని ఒరినోకో నదీ ప్రాంతపు మట్టి నమూనాలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నొడోసస్ అనే సూక్ష్మజీవి నుంచి అమెరికాకు చెందిన స్క్విబ్ సంస్థ శాస్త్రజ్ఞులు 1950ల మధ్యలో దీనిని వేరుచేశారు. ఆమ్లంగానూ క్షారంగానూ ప్రవర్తించగలదు కాబట్టి యాంఫోటెరిక్ అన్న రసాయన పదం మీదుగా ఆ పేరు వచ్చింది. అది నీటిలో కరగదు, పేగు గుండా రక్తంలోకి దాదాపు చేరదు. కనుక పిత్త లవణమైన డీఆక్సీకోలేట్‌తో కలిపి, రక్తనాళంలోకి ఎక్కించే రూపంలో ఫంగిజోన్ పేరుతో 1950ల చివర విపణిలోకి తెచ్చారు. అంతకుముందు ఒంట్లోకి దిగిన శిలీంధ్ర వ్యాధి చాలా సందర్భాల్లో మరణంతోనే ముగిసేది కాబట్టి, వణుకుతో కూడిన జ్వరం తెప్పించినా, మూత్రపిండాలను కుంగదీసినా దీనినే వాడక తప్పలేదు. పేరు చివరను కాస్త మార్చి ‘భయంకర’మనే అర్థం వచ్చేలా ఇంగ్లిషు మాట్లాడే వైద్యులు దీనిని పిలుచుకోవడం ఊరికే జరగలేదు.

హాని ఎంతన్నది లెక్కగట్టడానికి చాలాకాలం పట్టింది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వల్ల వచ్చే వ్యాధికి ఈ మందు తీసుకున్న 239 మందిని పరిశీలించి జాన్ వింగార్డ్ బృందం 1999లో ప్రకటించిన పత్రం ప్రకారం 53 శాతం మందిలో క్రియాటినిన్ రెట్టింపైంది, 14.5 శాతం మందికి డయాలసిస్ అవసరమైంది. 2001లో డేవిడ్ బేట్స్ బృందం 707 ఆసుపత్రి చేరికలను పరిశీలించగా 30 శాతం సందర్భాల్లో మూత్రపిండం తీవ్రంగా దెబ్బతిన్నదనీ, అలా దెబ్బతిన్నవారిలో 54 శాతం మరణించారనీ, దెబ్బతిననివారిలో ఆ మరణాలు 16 శాతమేననీ తేలింది. ఈ మరణాలన్నింటినీ మందు ఖాతాలో వేయడం సరికాదు. ఎక్కువ జబ్బుగా ఉన్నవారికే మూత్రపిండాలు కూడా త్వరగా దెబ్బతింటాయి. అయినా రోగ తీవ్రతను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా తేడా మిగిలింది.

ఈ హానిని తగ్గించే మొదటి ఉపాయం అతి చౌకైనది, ఉప్పునీరు. గొట్టాల్లో ఉప్పు ఎక్కువగా ప్రవహిస్తున్నట్లు తోస్తే, వడపోతను తగ్గించమని ధమనికి సంకేతం పంపే ఏర్పాటు ప్రతి నెఫ్రాన్‌లోనూ ఉంటుంది. యాంఫోటెరిసిన్ ఆ ఏర్పాటును అనవసరంగా రెచ్చగొడుతుంది. శరీరంలో ఉప్పు నిండుగా ఉన్నప్పుడు ఆ సంకేతం మందగిస్తుంది. పెరూ దేశంలో లీష్మానియాసిస్ అనే పరాన్నజీవి వ్యాధి రోగుల మీద జరిగి 1991లో వెలువడిన అధ్యయనంలో, మందుతో పాటు సెలైన్ పొందినవారి వడపోత నిలకడగా ఉండగా అది లేనివారిలో క్షీణించింది. సెలైన్ గొట్టాలను మాత్రం కాపాడలేదు, పొటాషియం పోవడం ఆగలేదు. ఇక్కడొక చిక్కు ఉంది: డీఆక్సీకోలేట్ రూపాన్ని నేరుగా సెలైన్‌లో కలిపితే ముద్దలు కడుతుంది, అందుచేత దానిని 5 శాతం గ్లూకోజ్ ద్రావణంలోనే కలిపి, ముందూ వెనుకా సెలైన్‌ను విడిగా ఎక్కించాలి. బ్లాక్ ఫంగస్ బారినపడ్డవారిలో అత్యధికులు మధుమేహ రోగులు కనుక ఆ గ్లూకోజ్‌కు తగినంత ఇన్సులిన్ కూడా లెక్కకట్టవలసి వచ్చింది.

రెండవ ఉపాయం మందును కొవ్వు బుడగల్లో పొదగడం. ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులతో కంటికి కనిపించనంత చిన్న గోళాలు చేసి, వాటి గోడల్లో మందును ఇరికిస్తే దానిని లైపోసోమల్ రూపమంటారు. ఆ బుడగ మానవ కణపు కొలెస్టెరాల్ దగ్గర మందును సులభంగా వదలదు, శిలీంధ్రం తగిలినప్పుడు వదులుతుంది. పైగా వడపోత జల్లెడ గుండా దూరలేనంత పెద్దది. 1999లో థామస్ వాల్ష్ బృందం 687 మంది మీద జరిపిన పోలికలో పాత రూపం తీసుకున్నవారిలో 34 శాతం మందికి, లైపోసోమల్ తీసుకున్నవారిలో 19 శాతం మందికి మూత్రపిండ హాని కలిగింది. హాని పోలేదు, తగ్గింది. ఈ తేడాను చాలామంది మరచి, లైపోసోమల్ అంటే నిరపాయమని అనుకుంటారు.

ఈ బుడగల విద్యలో భారతదేశం వెనుకబడి లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణంలో బిమల్ కుమార్ బచావత్ బృందం దేశీయ లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌ను రూపొందించింది. అదే తరువాత ఫంగిసోమ్ పేరుతో విపణిలోకి వచ్చింది. బచావత్ అనగానే కృష్ణా నీటి పంపకాల ట్రిబ్యునల్ గుర్తుకు రావడం సాగర్ ఆయకట్టు రైతుకు సహజం గాని, ఈయన ఆ న్యాయమూర్తి కాదు, జీవరసాయన శాస్త్రవేత్త.

2021 నాటికి సమస్య విద్యది కాదు, పరిమాణానిదీ ధరదీ. లైపోసోమల్ మోతాదు బ్లాక్ ఫంగస్‌కు కిలో శరీర బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు; 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు 6, నాలుగు వారాలకు 168. ఒక్కో సీసా 5 వేల నుంచి 7 వేల రూపాయల మధ్య పలికిన ఆ రోజుల్లో మందు ఖర్చే 8 లక్షల 40 వేలకు తగ్గదు. మిర్చి క్వింటాలు 14 వేలు పలికిందనుకున్నా, ఎకరానికి 20 క్వింటాళ్ల చొప్పున మూడెకరాల పంట మొత్తం అమ్మితే గాని ఆ సొమ్ము రాదు. కౌలు రైతుకు అందులోనే కౌలూ పెట్టుబడీ పోవాలి. పాత డీఆక్సీకోలేట్ రూపం సీసా సుమారు 300 రూపాయలు, రోజుకు 2 సీసాలు చాలు, నాలుగు వారాలకు 17 వేలకు లోపే. ప్రభుత్వ సరఫరాయో ఆరోగ్యశ్రీయో అందనిచోట ఈ రెండు అంకెల మధ్య ఎంపిక చేసుకోవడమంటే రోగి మూత్రపిండాల మీద పందెం కాయడమే.

కొరత తీర్చడానికి కేంద్రం 2021 మే నెలలో మరి ఐదు సంస్థలకు తయారీ అనుమతులిచ్చింది. వాటిలో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా ఒకటి. దాని వ్యవస్థాపకులు నన్నపనేని వెంకయ్య చౌదరి గుంటూరు జిల్లా గొల్లమూడిపాడు గ్రామస్థులు, గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ కేంద్రాన్ని కట్టించి ఇచ్చిందీ ఆ సంస్థే. జూన్ 12న జీఎస్టీ మండలి ఈ మందు మీద ఉన్న 5 శాతం పన్నును తాత్కాలికంగా ఎత్తివేసింది. జూలై నాటికి దేశంలో నమోదైన కేసులు 45 వేలు దాటాయి.

అదే మే నెలాఖరున సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదు నుంచి వెలువడిన ప్రకటన మూత్రపిండాల దృష్ట్యా ఆసక్తికరమైనది. ఆచార్యులు సప్తర్షి మజుందార్, చంద్రశేఖర్ శర్మల బృందం యాంఫోటెరిసిన్‌ను నానోపోగుల్లో ఇమిడ్చి నోటి ద్వారా వేసుకునే 60 మిల్లీగ్రాముల మాత్రగా చేసింది. పత్తి ప్రాంతపు పాఠకులకు దీనిని వివరించడం సులువు: చిక్కని పాలిమర్ ద్రావణాన్ని సన్నని మొన గుండా అధిక విద్యుత్ బలంతో లాగితే, దూదిని ఏకి వడికినట్లుగా, వెంట్రుక కంటే అనేక రెట్లు సన్నని పోగులొస్తాయి, ఆ పోగుల్లో చిక్కుకున్న మందు ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా విడుదలవుతుంది. మూత్రపిండానికి ఒక్కుమ్మడిగా కాక కొద్దికొద్దిగా చేరడం వల్ల హాని తగ్గుతుందన్నది వారి వాదన. ఉత్తర బిహారును పీడించిన కాలా అజార్ జ్వరం కోసం 2019లోనే మొదలైన ఈ పనిని, మేధోహక్కుల బంధం లేకుండా ఎవరైనా తయారుచేసుకోవచ్చునని వారు ప్రకటించారు. మాత్ర ధర సుమారు 200 రూపాయలుగా అంచనా వేశారు. ప్రయోగశాలలో నెగ్గిన రూపం రోగుల మీద పరీక్షల మెట్లన్నీ ఎక్కితేనే మందవుతుంది కనుక, ఆనాడు కొన్ని పత్రికలు రాసినట్లు రేపే దుకాణానికి వస్తుందనుకోవడం తొందరపాటు.

బర్క్ బృందం 2023 నవంబరులో ప్రకటించిన పని మరొక దారి చూపింది. మందును పొదిగే సంచిని మార్చడం కాకుండా, మందు అణువునే చెక్కి, కొలెస్టెరాల్‌ను పట్టని, ఎర్గోస్టెరాల్‌ను మాత్రం మరింత వేగంగా పీకే ఏఎం-2-19 అనే అణువును వారు తయారుచేశారు. ఎలుకల్లోనూ, ప్రయోగశాలలో పెంచిన మానవ మూత్రపిండ కణాల్లోనూ దానివల్ల విషప్రభావం కనిపించలేదు. మనుషుల మీద తొలిదశ పరీక్షలకు అది చేరింది.

మూత్రపిండాలు ముందే దెబ్బతిన్నవారి పరిస్థితి దీనికి మరో ముఖం. ప్రకాశం జిల్లా చీమకుర్తి ప్రాంతంలో మూత్రపిండ వ్యాధి కనిపించడం వల్ల హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి నీటినీ, మూత్రపిండ వ్యాధికి పేరుపడ్డ శ్రీకాకుళం ఉద్దానపు నీటినీ పోల్చి 2013లో పత్రం ప్రచురించారు. మూత్రపిండ రోగికీ బ్లాక్ ఫంగస్‌కూ ఉన్న ఒక పాత సంబంధం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగ్గది. 1980లలో డయాలసిస్ రోగుల ఒంట్లో చేరిన అల్యూమినియంను తొలగించేందుకు డెఫెరాక్సమిన్ ఇచ్చేవారు; ఆ మందు తీసుకున్నవారిలో మ్యూకర్‌మైకోసిస్ వింతగా పెరిగింది. ఇనుమును పట్టుకునే ఆ మందును, బ్లాక్ ఫంగస్ కలిగించే రైజోపస్ బూజు తనకు ఇనుము మోసుకొచ్చే కూలీగా వాడుకుంటోందని తరువాత తెలిసింది. మధుమేహం ముదిరి రక్తం ఆమ్లమైనప్పుడు బ్లాక్ ఫంగస్ విజృంభించడం వెనుక కూడా విడుదలైన ఇనుమే ఒక కారణం.

అజోల్ మందులు మూత్రపిండాన్ని నేరుగా అంతగా గాయపరచవు, ప్రమాదం వేరే మందులతో కలిసినప్పుడే. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది. ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, కొంతవరకు ఫ్లూకొనజోల్ దానిని నిలువరిస్తాయి. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారు అవయవం తిరస్కారానికి గురికాకుండా వాడే టాక్రోలిమస్‌ను కరిగించేది ఆ ఎంజైమే. తామరకు ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇట్రాకొనజోల్ బిళ్ళలు మింగితే రక్తంలో టాక్రోలిమస్ మోతాదు అమాంతం పెరిగి, కాపాడవలసిన కొత్త మూత్రపిండాన్నే దెబ్బతీయగలదు. కొలెస్టెరాల్ తగ్గించే కొన్ని స్టాటిన్ మాత్రలతో కలిసినా కండరాలు కరిగి, ఆ వ్యర్థం మూత్రపిండ గొట్టాలను పూడ్చే ప్రమాదముంది.

ఇదే ప్రమాదాన్ని తిరగేసి పొదుపుగా మలచుకున్నవారున్నారు. ఈజిప్టులో నైలు డెల్టా పత్తి నేలల నడుమనున్న మన్సూరా నగరపు మూత్రపిండ కేంద్రం వైద్యులు, ఖరీదైన మందుతో పాటు చౌకైన కీటోకొనజోల్‌ను లెక్కప్రకారం ఇచ్చి, 2004లో 70 మంది మార్పిడి రోగుల మీద వెలువరించిన అధ్యయనంలో టాక్రోలిమస్ అవసరాన్ని దాదాపు సగానికి తగ్గించి చూపారు. తరచుగా రక్తపరీక్ష చేయగల కేంద్రంలో తప్ప ఇది చేయదగ్గ పని కాదు.

మిర్చి కల్లాలకూ ఈ కథలో చోటుంది. వానకు తడిసి బూజుపట్టిన కాయలో శిలీంధ్రాలు విడిచే ఆక్రాటాక్సిన్-ఎ స్వయంగా మూత్రపిండ విషం. ఐరోపా సమాఖ్య ఎండుమిర్చిలో దానికి కిలోకు 20 మైక్రోగ్రాముల పరిమితి విధించింది, గుంటూరు ఎగుమతిదారులు పరీక్షలు చేయించక తప్పదు. ఇక పొలంలో చల్లే అజోల్ మందుల ప్రభావం గాలిలోని ఆస్పర్‌జిల్లస్ బూజుపై పడుతుంది. అజోల్ మందులకు లొంగని ఆస్పర్‌జిల్లస్ భారతదేశపు మట్టిలో ఉన్నట్లు ఢిల్లీకి చెందిన అనురాధా చౌధరి బృందం 2012లోనే ప్రకటించింది. రోగుల్లోనూ పరిసరాల్లోనూ అవి ఒకే జన్యువంశానివిగా కనిపించాయి. అటువంటి బూజు ఊపిరితిత్తుల్లోకి దిగిన రోగికి అజోల్ మాత్రలు పనిచేయవు కనుక వైద్యుడు మళ్లీ యాంఫోటెరిసిన్ సీసానే తెరవాలి, రోజూ క్రియాటినిన్ చూసుకుంటూ.